మెర్సో తాగిన కాఫీ, గార్సాన్ దాటని గడప

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచి సాహిత్యంలో అస్తిత్వవాదం (మనిషి ముందు ఉంటాడు, తానేమిటో తన ఎంపికలతో తానే తయారు చేసుకుంటాడనే ఆలోచన) గురించి వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లిష్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అస్తిత్వవాదాన్ని మూలం నుంచే పట్టుకోవాలని ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' మొదలుపెట్టాను. ఉపోద్ఘాతం కూడా దాటలేకపోయాను. తత్త్వశాస్త్రం ఎప్పుడూ చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ వరుసలో చదవాలి?
- విద్యార్థిని, హన్మకొండ

జవాబు: అక్కడ ఆగిపోయింది మీరొక్కరే కాదు. 1943లో వచ్చిన ఆ గ్రంథం ఫ్రెంచిలో ఏడు వందల పేజీల పైమాటే. జర్మన్ తత్త్వవేత్తలు హుసెర్ల్‌నూ హైడెగర్‌నూ చదివినవాడే తన పాఠకుడనుకుని సార్త్ర్ దాన్ని రాశాడు. పైగా మొత్తం పుస్తకంలో గట్టి కొయ్య ఆ ఉపోద్ఘాతమే. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీది సాహిత్య విద్యార్థి చదువు కనుక కథ నుంచి సిద్ధాంతానికి వెళ్లండి. అటునుంచి ఇటు రావద్దు. సిద్ధాంతం ముందు నేర్చుకుని నవల తెరిస్తే ప్రతి పేజీలోనూ 'ఇదిగో స్వేచ్ఛ, అదిగో అసంబద్ధత' అని గుర్తులు పెట్టుకుంటూ పోతారు. నవల మాత్రం చదివినట్టు కాదు.

నాలుగు నెలల వ్యవధి ఉందనుకుందాం. మొదట ఫ్రెంచి రచయిత కామూ నవల 'ది స్ట్రేంజర్' (1942). నూట ఇరవై పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంగ్లండులో 'ది అవుట్‌సైడర్' పేరుతో వచ్చేదీ ఇదే, రెండూ కొనకండి. ఒకసారి ఆపకుండా చదవండి, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవండి. తర్వాత సార్త్ర్ నాటకం 'నో ఎగ్జిట్' (1944). ఒకే అంకం. గొంతెత్తి చదువుకుంటే రెండు సాయంత్రాల పని. మూడోది సార్త్ర్ 1945 అక్టోబరు 29న పారిస్‌లో ఇచ్చిన ప్రసంగం. 'ఎగ్జిస్టెన్షియలిజం ఈజ్ ఎ హ్యూమనిజం' పేరుతో 1946లో చిన్న పుస్తకంగా వచ్చింది. 'అస్తిత్వం సారానికి ముందు' అన్న మాట, కాగితాలు కోసే కత్తి ఉదాహరణ, తల్లి దగ్గర ఉండిపోవాలా యుద్ధానికి వెళ్లాలా అని అడిగిన శిష్యుడి సంగతి, అన్నీ ఇందులోవే. కమ్యూనిస్టులూ కాథలిక్కులూ చేసిన విమర్శలకు సభలో నిలబడి చెప్పిన సమాధానం ఇది. అందుకే సులువుగా ఉంటుంది, అక్కడక్కడా పల్చగానూ ఉంటుంది. దీన్నే సార్త్ర్ తత్త్వం మొత్తంగా తీసుకుంటే చిక్కు వస్తుంది. 1947లో అచ్చయిన హైడెగర్ 'లెటర్ ఆన్ హ్యూమనిజం' దీన్ని గట్టిగానే కాదంది.

నాలుగోది 'నాసియా' (1938). దీనికి మూడు వారాలు పెట్టుకోండి. ఆంత్వాన్ రోకాంతాన్ డైరీ రూపంలో ఉంటుంది. మధ్యలో బూవిల్ పట్టణపు మ్యూజియంలో పెద్దమనుషుల చిత్రపటాలు చూసే ఘట్టం దగ్గర చాలామంది పుస్తకం మూసేస్తారు. అది వ్యంగ్యం అని తెలిస్తే నడుస్తుంది. తాము పుట్టడం లోకానికి అవసరం అనుకునే పెద్దల మొహాలను రోకాంతాన్ ఒక్కొక్కటిగా ఒలుస్తుంటాడు. పార్కులో చెస్ట్‌నట్ చెట్టు వేరు ముందు కూర్చునే ఘట్టం సంకలనాల్లో విడిగా దొరుకుతుంది. విడిగా చదవకండి. ఎన్నాళ్లుగానో రాస్తున్న మార్క్వీ ద రొల్‌బోన్ చరిత్రను అతను వదిలేసిన తర్వాతే ఆ వేరు అంత భయంకరంగా కనిపిస్తుంది. చేతిలో పని ఉన్నన్నాళ్లూ మనిషికి తన ఉనికి కంటికి ఆనదు.

ఇవి అయ్యాక 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' మళ్లీ తెరవండి. ఈసారి రెండే చోట్లు. మొదటి భాగం రెండో అధ్యాయం 'బ్యాడ్ ఫెయిత్', అంటే ఆత్మవంచన. కాఫీ హోటల్ సర్వర్ ఉదాహరణ ఇక్కడే ఉంది. మూడో భాగం మొదటి అధ్యాయంలో 'ది లుక్' అనే ఖండం రెండోది. తాళం రంధ్రంలోంచి చూస్తున్నవాడికి వెనక అడుగుల చప్పుడు వినిపించడం ఇక్కడ వస్తుంది. 'నో ఎగ్జిట్' చదివి ఉంటారు కనుక ఈ రెండూ పట్టుబడతాయి. హేజెల్ బార్న్స్ 1956 అనువాదమైనా, శారా రిచ్మండ్ 2018 అనువాదమైనా పరవాలేదు. ఒకటి మొదలుపెట్టి మధ్యలో రెండోదానికి మాత్రం మారవద్దు, పారిభాషిక పదాలు మారిపోతాయి.

జాబితాలో ఉన్న పుస్తకాలన్నీ వరుసగా పూర్తి చేయాలనే పట్టుదల వద్దు. లైబ్రరీలోని పుస్తకాలను రచయితల ఇంటిపేర్ల అక్షరక్రమంలో చదువుకుంటూ 'ఎల్' దాకా వచ్చిన ఒక పాత్ర 'నాసియా'లోనే ఉంది. సార్త్ర్ అతన్ని ఏం చేశాడో చూడండి.

ప్రశ్న: డిగ్రీ పిల్లలకు 'ది స్ట్రేంజర్' చెబుతున్నాను. "తల్లి చస్తే ఏడవనోడు, వానికి ఉరి సరే" అని తేల్చేస్తున్నారు. చర్చ ముందుకు పోవడం లేదు. ఎలా చెప్పాలి?
- అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: పిల్లలు అలా అనడం మీకు మంచిదే, వారించకండి. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. తల్లి శవపేటిక పక్కన పాలు కలిపిన కాఫీ తాగి, సిగరెట్ కాల్చినవాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది. అంటే వాళ్లకు తెలియకుండానే జ్యూరీలో కూర్చున్నారు. ఆ కుర్చీలో ఉన్నామని వాళ్లంతట వాళ్లు గమనించేలా చేయడమే మీ పని.

రెండు పీరియడ్లు చాలు. మొదటి పీరియడ్‌లో మొదటి భాగం మొదటి అధ్యాయం, వృద్ధాశ్రమంలో రాత్రి జాగరణ ఘట్టం పైకి చదివించండి. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమవైపు కథానాయకుడు మెర్సో చేసిన పనులు మాత్రమే రాయించండి. 'నిర్లక్ష్యంగా', 'ప్రేమ లేకుండా' లాంటి మాటలు రాస్తే కొట్టేయించండి. పెట్టె మూత తీస్తానంటే వద్దన్నాడు, కాఫీ తాగాడు, కాపలావాడికి సిగరెట్ ఇచ్చి తానూ కాల్చాడు, కునుకు తీశాడు. రెండో అధ్యాయం నుంచి ఈతకొలను, మారీ, ఫెర్నాండెల్ హాస్య సినిమా చేర్చండి. రెండో పీరియడ్‌లో రెండో భాగం మూడో అధ్యాయం, అంటే మెర్సో మీద నడిచే హత్య కేసులో సాక్షుల విచారణ. అవే పనులు కోర్టులో ఏ మాటల్లో తిరిగి వచ్చాయో కుడివైపు రాయాలి.

కాఫీ దగ్గర ఆగండి. కాఫీ ఇచ్చింది తానేనని కాపలావాడు ఒప్పుకుంటాడు. దానికి ప్రాసిక్యూటర్ ఏమంటాడు? పరాయివాడు కాఫీ ఇవ్వవచ్చుగాని, కన్నతల్లి శవం ముందు కొడుకు దాన్ని కాదనాలి అంటాడు. ఎడమవైపు 'కాఫీ తాగాడు' అని ఉన్న రెండు ముక్కలు కుడివైపుకు వచ్చేసరికి నేరమైపోయాయి. పనిలో మార్పు లేదు, దాని చుట్టూ కథ అల్లారు. కామూ ఏం చెప్పాడో ఇక మీరు విడిగా చెప్పనక్కరలేదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఈ పాఠం అయ్యాక క్లాసు మొత్తం మెర్సోను సత్యం కోసం ప్రాణమిచ్చినవాడిగా నెత్తిన పెట్టుకుంటుంది. 1955లో రాసిన ఒక ముందుమాటలో కామూ కూడా కొంత అటే మొగ్గాడు. అప్పుడు కాగితం వెనక్కి తిప్పించి అడగండి: చచ్చిపోయింది ఎవరు? నవల పొడుగునా అతనికి పేరు లేదు, 'అరబ్బు' అంతే. పొరుగింటి రేమోన్ తన ప్రియురాలిని రప్పించి కొట్టడానికి కావలసిన ఉత్తరం రాసిపెట్టింది మెర్సోయే. సముద్రపు ఒడ్డున ముందు ఒక తూటా, ఆగి, పడిపోయిన శరీరంలోకి మరో నాలుగు. ఆ ఆగడం ఎందుకని మేజిస్ట్రేటు మళ్లీ మళ్లీ అడిగితే జవాబు ఉండదు. కోర్టు అంత్యక్రియల గురించి గంటలు మాట్లాడి హతుణ్ణి మరిచిపోయింది. సరిచూసుకుంటే చాలామంది పాఠకులమూ అంతే. అల్జీరియా రచయిత కమెల్ దావూద్ 2013లో రాసిన నవలలో ఆ హతుడికి మూసా అని పేరు పెట్టి, అతని తమ్ముడి చేత కథ చెప్పించాడు. మీ క్లాసులో చురుకైనవాళ్లకు అది ఇవ్వండి.

ప్రశ్న: నెట్ పరీక్షకు చదువుతున్నాను. ఒక గైడు కామూను అస్తిత్వవాది అంటుంది, ఇంకోటి కాదంటుంది. ఏది రాయాలి?
- మంచిర్యాల

జవాబు: కామూ 1945 నవంబరులో ఒక ఫ్రెంచి పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో 'నేను అస్తిత్వవాదిని కాను' అని నేరుగా అన్నాడు. 'ది మిత్ ఆఫ్ సిసిఫస్' (1942)లో తత్త్వవేత్తలు కీర్కెగార్డ్, షెస్తోవ్, యాస్పర్స్‌లను వేలెత్తి చూపాడు. లోకం అసంబద్ధమని గుర్తించి కూడా చివరికి దేవుడివైపో, అలాంటి మరో ఆశవైపో దూకేశారని అతని ఫిర్యాదు. అలా దూకడానికే 'తాత్త్విక ఆత్మహత్య' అని పేరు పెట్టాడు. అతని లెక్కలో అసంబద్ధత ఒక్క లోకంలోనూ లేదు, ఒక్క మనిషిలోనూ లేదు. అర్థం కావాలని మనిషి అడగడం, లోకం పలకకపోవడం, ఈ రెండూ ఎదురుపడినచోట అది పుడుతుంది. సార్త్ర్‌కు కీలకం స్వేచ్ఛ, ఎంపిక, బాధ్యత.

1951లో కామూ 'ది రెబెల్' వచ్చింది. 1952 మే నెలలో సార్త్ర్ పత్రిక 'లే తాఁ మొదెర్న్'లో ఫ్రాన్సిస్ జాన్సన్ దాన్ని చీల్చి చెండాడాడు. అదే ఏడాది ఆగస్టులో కామూ లేఖ, సార్త్ర్ జవాబు అచ్చయ్యాయి. స్నేహం అక్కడితో తెగింది. వ్యాసం రాయాల్సివస్తే 'అస్తిత్వవాదులతో కలిపి చదివే అసంబద్ధతా రచయిత' అని రాసి ఈ తేదీలు చూపండి. ఇదే అసంబద్ధత మాట తగిలే మరో చోటు బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' (తొలి ప్రదర్శన 1953). దాన్ని 'థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్' (అసంబద్ధ నాటకరంగం) కింద చేర్చింది 1961లో విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్. బెకెట్ తానుగా పెట్టుకున్న పేరు కాదు.

ప్రశ్న: మాది చిన్న నాటక బృందం. 'నో ఎగ్జిట్'ను తెలుగుల ఆడుదామనుకుంటున్నం. ఖర్చు తక్కువ, ముగ్గురే నటులు. దేన్ల జాగ్రత్త పడాలె?
- హన్మకొండ

జవాబు: ముగ్గురు కాదు, నలుగురు. చనిపోయి నరకంలో ఒకే గదిలో పడిన గార్సాన్, ఇనెస్, ఎస్తెల్‌లతో పాటు వాళ్లను గదిలోకి తెచ్చే నౌకరు ఉన్నాడు. పాత్ర చిన్నదని కొత్తవాడికి ఇవ్వకండి. అతను కనురెప్పలు ఆర్పడని గార్సాన్ గుర్తించడంతోనే ఆ చోటి నియమం ప్రేక్షకుడికి తెలుస్తుంది.

సామాను తక్కువే: మూడు సోఫాలు, ఒక కంచు బొమ్మ, కాగితాలు కోసే కత్తి, పలికితే పలికే గంట, ఒక తలుపు. కిటికీ ఉండదు, అద్దం ఉండదు. సోఫాల రంగులు మూడూ వేరుగా ఉండాలి. తన బట్టల రంగుకు కలవదని ఎస్తెల్ గార్సాన్ సోఫా అడుగుతుంది. మూడూ ఒకే రంగువి తెస్తే ఆ సంభాషణ గాల్లో తేలుతుంది. మూలంలో గది పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి బైఠకు. దాన్ని మన దొర గడీగా మార్చాలనిపిస్తుంది. వద్దని మా సలహా. గడీ కనబడగానే మన ప్రేక్షకుడు దొర ఎవరు, వెట్టి ఎవరు అని వెతుకుతాడు. ఇక్కడ ముగ్గురూ ఒకరికొకరు హింసకులే. బస్టాండు దగ్గరి పాత లాడ్జి గది అయితే సరిపోతుంది, ఎవరూ కోరి తెచ్చుకోని సామానుతో.

ఎక్కువగా చెడేది లైటు దగ్గర. ఆ గదిలో దీపం ఆరదు, రాత్రి రాదు. కనుక ఉద్వేగం వచ్చినప్పుడల్లా వెలుతురు తగ్గించి స్పాట్ వేయడం కుదరదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే వెలుతురు పెట్టి, గంటన్నర ఆగకుండా లాగాలి. విరామం ఇస్తే నాటకం చచ్చిపోతుంది. భూమ్మీద బతికున్నవాళ్లను పాత్రలు చూసే చోట తెర మీద వీడియో వేయకండి. వాళ్లకు కనిపించి మనకు కనిపించకపోవడమే అక్కడ కావలసింది.

రిహార్సల్ సమయంలో సగం అద్దం ఘట్టానికి ఇవ్వండి. లిప్‌స్టిక్ దిద్దుకోవడానికి అద్దం లేక ఎస్తెల్ అల్లాడుతుంది. ఇనెస్ 'నేనే నీ అద్దం' అని దగ్గరికి పిలుస్తుంది, కాసేపటికి చెంప మీద లేని మొటిమ ఉందని చెప్పి బెదరగొడుతుంది. ఎదుటివాడి చూపు మన మీద ఎలా పెత్తనం చేస్తుందో నాటకంలో ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా లేదు.

'నరకమంటే ఇతరులే' అన్న మాటను గార్సాన్ చేత అరిపించకండి. మనుషులందరూ చెడ్డవాళ్లని దాని అర్థం కాదు. తన మాట అపార్థమైందని సార్త్ర్ 1965లో ఒక రికార్డింగ్ ముందుమాటలో వివరించాడు. ఇతరులతో సంబంధం వంకరపోయినప్పుడు, వాళ్ల తీర్పు మీదే ఆధారపడి బతికినప్పుడు అది నరకమని అతని ఉద్దేశం. నాటకంలో అసలు మలుపు ఆ మాట కన్నా ముందే వస్తుంది. గార్సాన్ బాదగా బాదగా తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ వెళ్లరు. తాను పిరికివాడు కాదని ఇనెస్ చేత అనిపించుకోనిదే గార్సాన్ గడప దాటలేడు. తెరుచుకున్న తలుపు ముందు మీ నటులు ఎంతసేపు నిలబడగలరో అంతసేపు నిలబెట్టండి.

సార్త్ర్ 1980లో చనిపోయాడు. మన దేశంలో అతని రచనల హక్కులు 2040 చివరిదాకా ఉంటాయి. ప్రదర్శనకు ముందు ఫ్రెంచి ప్రచురణకర్త గలిమార్‌కు రాసి అనుమతి తీసుకోండి.

ప్రశ్న: ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బొవాను సార్త్ర్ తర్వాత ఒక పేరాలో ముగిస్తున్నారు. ఆమెను విడిగా ఎలా చదవాలి?
- జగిత్యాల

జవాబు: 'షి కేమ్ టు స్టే' (1943) నవలతో మొదలుపెట్టండి. ఫ్రాన్స్వాజ్, పియెర్‌ల మధ్యకు గ్జావియెర్ అనే యువతి వస్తుంది. మరొక మనిషికీ మనలాగే లోపల ఒక చైతన్యం ఉందన్న ఎరుక ఎంత దుర్భరమో ఈ నవల చూపిస్తుంది. అది చివరికి గ్యాస్ విప్పడం దాకా పోతుంది. 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' వచ్చిందీ ఆ ఏడాదే. ఆ గ్రంథం చివర సార్త్ర్ నీతిశాస్త్రం రాస్తానని మాట ఇచ్చి, బతికుండగా తెమల్చలేదు. 1947లో 'ది ఎథిక్స్ ఆఫ్ యాంబిగ్విటీ'తో ఆ పనికి పూనుకున్నది బొవా. ఎవరు ఎవరి నీడో అప్పుడు ఆలోచించండి.

'ది సెకండ్ సెక్స్' (1949) రెండు సంపుటాలు. 'స్త్రీగా ఎవరూ పుట్టరు, స్త్రీ అవుతారు' అన్న మాట రెండో సంపుటం ఆరంభంలో ఉంది. బాల్యం గురించిన ఆ అధ్యాయం ముందు చదివి, తర్వాత మొదటి సంపుటానికి వెళ్లండి. పాత లైబ్రరీల్లో ఎక్కువగా ఉండేది పార్ష్లీ 1953 అనువాదం. అతను జంతుశాస్త్రజ్ఞుడు. పుస్తకాన్ని బాగా కత్తిరించాడు, తాత్త్విక పదాలను మామూలు మాటలుగా మార్చేశాడు. సిద్ధాంత వ్యాసానికి 2009లో వచ్చిన పూర్తి అనువాదమే వాడండి.

ప్రశ్న: అంపశయ్య నవీన్ 'అంపశయ్య'లో అస్తిత్వవాదం మీద పరిశోధన చేద్దామనుకుంటున్నాను. సరైన విషయమేనా?
- పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: విషయం మంచిదే, శీర్షిక మార్చండి. 'ఫలానా నవలలో అస్తిత్వవాదం' అంటే ఏకాకితనం, ఆందోళన, పరాయీకరణ అని గళ్లు గీసి ఉదాహరణలు నింపే పని అవుతుంది. ఆ గళ్లలో ఏ నవలైనా పడుతుంది. 1969 నాటి 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు. చైతన్య స్రవంతి, అంటే మనసులో ఆలోచనలు పారినట్టే రాసుకుంటూ పోవడం, దాని కథన పద్ధతి. పద్ధతి వేరు, తత్త్వం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలా థీసిస్‌లు జారిపోతాయి. అడగదగ్గ ప్రశ్న ఇది: రోకాంతాన్‌కు సొంత ఆదాయం ఉంది, ఉద్యోగం అక్కరలేదు, ఇల్లూ కుటుంబమూ అడ్డు రావు. పల్లె నుంచి పట్నానికి చదువుకోసం వచ్చిన పేద కుర్రాడి ఆందోళనను అదే పేరుతో పిలవవచ్చా? రెండు నవలల్లో డబ్బు ప్రస్తావన వచ్చే పేజీలన్నీ పక్కపక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. హన్మకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయంలో (1904) పాత పుస్తకాలు చూడండి. తెలుగులో 'అస్తిత్వవాద సాహిత్యం' అని వెతికితే దళిత, స్త్రీ, ప్రాంతీయ అస్తిత్వ ఉద్యమాల సాహిత్యం కూడా వచ్చి పడుతుంది. అది మీ విషయం కాదు.

ప్రశ్న: 'చచ్చిపోనా, కాఫీ తాగనా' అని కామూ ఎక్కడ రాశాడు?
- ఆదిలాబాద్

జవాబు: అతని రచనల్లో ఆ మాట లేదు. పుస్తకం, పేజీ దొరకని ఏ కొటేషన్‌నూ ప్రాజెక్టులో పెట్టకండి.

ప్రశ్న: 'ది స్ట్రేంజర్' తెలుగు చేయాలని ఉంది. ఫ్రెంచి రాదు. ఇంగ్లిష్ నుంచి చేస్తే తప్పా?
- పెద్దపల్లి

జవాబు: చట్టం సంగతి ముందు. కామూ 1960 జనవరి 4న చనిపోయాడు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది. కనుక 2021 నుంచి ఇక్కడ ఫ్రెంచి మూలం అందరిదీ. ఇంగ్లిష్ అనువాదాలు అలా కావు. 1946లో అనువదించిన స్టువర్ట్ గిల్బర్ట్ 1969లో, 1988లో అనువదించిన మాథ్యూ వార్డ్ 1990లో పోయారు. వాటి మీద హక్కులు ఇంకా ఉన్నాయి. కామూ మరణానంతరం 1994లో మొదటిసారి అచ్చయిన 'ది ఫస్ట్ మ్యాన్'కు ఇక్కడ లెక్క ఆ 1994 నుంచి మొదలవుతుంది. దాని జోలికి పోవద్దు.

ఈ ఒక్క నవలకు ఫ్రెంచి నేర్చుకోవడం మీరనుకున్నంత దూరమేమీ కాదు. కామూ దీన్ని ఎక్కువగా మాట్లాడే భాషలోని భూతకాలంలోనే రాశాడు. సాహిత్య ఫ్రెంచిలో ఉండే మరో భూతకాల రూపం దాదాపు తగలదు. బి1 (మధ్యస్థ) స్థాయి వస్తే ఇంగ్లిష్ ప్రతి పక్కన పెట్టుకుని రోజుకు ఒక పేజీ నడుస్తుంది. హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రెండుచోట్లా ఫ్రెంచి నేర్పుతారు. సార్త్ర్ నవలకు మాత్రం ఈ స్థాయి చాలదు.

తెలుగులో ఎక్కువగా చెడేది వాక్యం దగ్గర. 'బస్సెక్కి, కూర్చుని, కునుకు తీసి, దిగి' అని పనులను దండ గుచ్చడం మనకు అలవాటు. అలా గుచ్చితే ముందు పని తర్వాతి పనికి కారణమైనట్టు తోస్తుంది. మెర్సో కథనంలో ఆ దారం లేదు. వాక్యం తర్వాత వాక్యం విడివిడి దీవుల్లా ఉంటాయని సార్త్ర్ 1943లో రాసిన వ్యాసంలోనే గుర్తించాడు. కనుక 'రెండు గంటల బస్సు ఎక్కాను. చాలా ఎండగా ఉంది. ఎప్పటిలాగే సెలెస్ట్ దగ్గర భోంచేశాను' అని దేనికది ముగించండి. 'కాబట్టి', 'అందుచేత' మూలంలో ఉంటే తప్ప వేయకండి. అయితే ఇదే పద్ధతి చివరిదాకా లాగకూడదు. మొదటి భాగం ఆరో అధ్యాయంలో ఎండ, సముద్రం, కత్తి మెరుపు వచ్చేచోటా, జైలులో పాదిరి మీద విరుచుకుపడ్డాక చివరి పేజీలోనూ కామూ వాక్యాలు పొడవు సాగి పోలికలతో నిండుతాయి. అక్కడా ముక్కలు చేస్తే ఆ మనిషిలో వచ్చిన మార్పు తెలుగులోకి రాదు. ముందు ఆరో అధ్యాయం చివరి రెండు పేజీలు చేసి చూసుకోండి. అవి కుదిరితే మిగతాది మొదలుపెట్టవచ్చు.